ఏనుగు మీద ఎండ, కుక్క మీద ఎండ: ఆ మాట ‘పొలయు’నా, ‘కలయు’నా?

తిరుపతి, కొర్లగుంట: అందరికీ నమస్కారం. మా అమ్మాయికి యూనివర్సిటీలో డిబేట్ ఉంది. వాతావరణ మార్పు మీద ప్రపంచ దేశాల ఒప్పందాల్లో భారత్ లాంటి దేశం పాత్ర ఏమిటన్నది విషయం. అన్నమయ్య ‘తందనాన’ కీర్తనలోని చరణంతో మొదలుపెడతానంటోంది. ‘కడగి యేనుగు మీద గాయు యెండొకటే’ వరకూ నోటికొచ్చింది. తర్వాత ‘పుడమి శునకము మీద...’ ఆ పైన ఏముంది? నాకు ‘కలయు’ అని గుర్తు. 1992 రియో ఒప్పందంలో ‘బాధ్యత ఉమ్మడిదే, కానీ వంతులు వేరు’ అన్న సూత్రం ఉంది కదా, దానికి ఈ పాదాన్ని జోడించాలని తన ఆలోచన. అర్థం గట్టిగా తెలియాలి.

శ్రీకాళహస్తి: ‘బొలయు’. ‘మీఁదన్’ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట కాబట్టి పొలయు బొలయు అయింది, పై పాదంలో కాయు గాయు అయినట్టే. ‘కలయు’ అయితే వడి (యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) చెడుతుంది. కడగి–గాయు, పుడమి–బొలయు, సరిగ్గా కూర్చున్నాయి.

చిత్తూరు: రూపం తేలింది సరే సార్, అర్థం సంగతి? ఏనుగుకు ‘కాయు’ వేసి కుక్కకు ‘పొలయు’ ఎందుకు వేశాడు? కాయడంలో వేడి ఉంది. పొలయడం గాలికి వాడే మాట, వ్యాపించడం, మెల్లగా సోకడం. ఎండ ఒకటే, సోకే తీరు వేరు. అమ్మాయి సూత్రం ఈ రెండు క్రియల మధ్యే ఉంది. ధైర్యంగా వాడమనండి.

శ్రీకాళహస్తి: అలా చదివితే పాట తలకిందులవుతుంది. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అన్న పాటలో తేడా ఎక్కడినుంచి వస్తుంది? పొలయు యతి కోసం పడింది. ఇక్కడ ప్రసరించు అని అర్థం, అంతే.

మదనపల్లె: యతి కోసం అని తేల్చేస్తే ఎలా అండీ? 32 వేల సంకీర్తనలు చెప్పాడని పేరున్న కవికి పవర్గంలో (ప, ఫ, బ, భ, మ) మాటలు కరువా? నా లెక్కలో కీలకం పొలయు కాదు, ‘పుడమి’. ఏనుగుకు చోటు చెప్పలేదు, కుక్కను మాత్రం నేల మీద పెట్టాడు. కాలే నేల మీద నిలబడేదానికి ఎండ పైనుంచీ కిందనుంచీ తగులుతుంది. ఇక ఒక్క మాట కోసం ఇంత పంతమా అనుకోకండి. పారిస్‌లో 2015లో వాతావరణ ఒప్పందం చివరి గంటల్లో ఆగింది ఒక్క క్రియ దగ్గరే. నాలుగో అధికరణంలో సంపన్న దేశాలు ఉద్గారాలు తగ్గించడంలో ముందు నడిచి ‘తీరాలి’ అని ఉన్నది అమెరికా అభ్యంతరంతో ‘నడవాలి’ స్థాయికి దిగింది. ఇంగ్లిష్‌లో ‘షల్’ పోయి ‘షుడ్’ వచ్చింది.

చిత్తూరు: గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021 నవంబరు 13న మనవాళ్లు చేసిందీ అదే కదా. బొగ్గు కరెంటు ‘ఫేజ్ అవుట్’ అన్నదాన్ని మంత్రి భూపేందర్ యాదవ్ లేచి ‘ఫేజ్ డౌన్’ చేయించారు. మానేయడానికీ తగ్గించుకోవడానికీ ఎంత దూరం! సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ గొంతు పూడుకుపోయింది.

మదనపల్లె: ఆ మాట మనవాళ్లు పుట్టించింది కాదు. నవంబరు 10న అమెరికా, చైనా కలిసి ఇచ్చిన ప్రకటనలోనే చైనా బొగ్గు గురించి ‘ఫేజ్ డౌన్’ అని ఉంది. నింద మాత్రం ఎక్కువగా మన మీద పడింది. అమ్మాయి ఇది తప్పకుండా చెప్పాలి. మనిషి తలసరిన మన కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి 2 టన్నుల చిల్లర, అమెరికావాడిది 14 టన్నుల దరిదాపు. అయితే మొత్తం మీద ఇవాళ మనది మూడో స్థానమన్నదీ దాచకూడదు, అవతలి జట్టు మొదట దాన్నే పట్టుకుంటుంది.

పలమనేరు: ఏనుగుకు ఎండ సుఖం అనుకుంటున్నారేమో. కౌండిన్య అడివి పక్కన ఉండేవాళ్లం, చూస్తా ఉంటాం. చెరువులో దిగి తొండంతో బురద తీసి వీపు మీద పోసుకుంటాయి, చెవులు ఆడించడం ఆపవు. అంత ఒంటికి వేడి బయటికి పోవడం కష్టం. ‘కాయు’ ఏనుగుకే తగిన మాట, కవి చూసి రాసినాడు.

చిత్తూరు: చూశారా, నా మాటే నిలబడింది. పెద్ద ఒంటికి పెద్ద క్రియ.

శ్రీకాళహస్తి: ఏనుగులు బురద పోసుకుంటే ధాతువు అర్థం మారదు స్వామీ. ‘కడగి’ని అందరూ వదిలేశారు. కడగు అంటే పూనుకొను. ఎండ పూని కాస్తుందా, లేక అది ఏనుగుకు విశేషణమా? దాన్ని తేల్చకుండా కాయు మీద మేడలు కట్టకండి.

పుత్తూరు: గ్లాస్గో ముగిసి వారం తిరక్కముందే, అదే నవంబరులో, తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి. రాయలచెరువు కట్ట దగ్గర నీరు కారుతోందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మా పెద్దమ్మ వాళ్లు బియ్యం మూట, ఆధార్ కార్డులు పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. ఆ ఒక్క వానకు ఫలానాదే కారణమని నేననను. కానీ ఇలాంటివి తట్టుకోవడానికి డబ్బు ఎవరిస్తారన్నదే అసలు పేచీ. 2009లో కోపెన్‌హేగన్‌లో సంపన్న దేశాలు 2020కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు అన్నారు, గడువుకు అందలేదు. 2024లో బాకులో 2035కల్లా ఏటా 30 వేల కోట్లని సుత్తి కొట్టి ఆమోదించేశాక మన ప్రతినిధి లేచి ఒప్పుకోమని చెప్పారు. పేద దేశాలు అడిగింది లక్షా 30 వేల కోట్లు. పొలయునా కాయునా అన్నదానికంటే ఇది చెప్పమనండి.

మదనపల్లె: రెండూ చెప్పాలమ్మా. మాట కచ్చితంగా ఉండాలి. గ్లాస్గోలో ప్రధాని ‘పంచామృతం’ పేరుతో 2030కి సగం ‘ఇంధన అవసరం’ పునరుత్పాదకాల నుంచి అన్నారు. 2022 ఆగస్టులో ఐరాసకు ఇచ్చిన కాగితంలో అది శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) వనరుల నుంచి సగం ‘విద్యుత్ స్థాపిత సామర్థ్యం’ అయింది, అంటే పుట్టే కరెంటు కాదు, పుట్టించగల శక్తి. ఆ సగం 2025లోనే దాటాం, గొప్పే. కానీ పుట్టే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. డిబేట్‌లో ఈ రెండు మాటలూ కలిపేస్తే దొరికిపోతుంది.

కొర్లగుంట: అమ్మాయి అన్నీ రాసుకుంది. పొలయుకు ‘ప్రసరించు’ అని చెప్పి, ‘పుడమి’ మీద మదనపల్లె సార్ మాట వాడుతుందట.

చిత్తూరు: ‘కాయు’ను వదిలేస్తే అన్యాయం అండీ.

శ్రీకాళహస్తి: అదే చరణం చివర ‘సరిగావ జడియు శ్రీవేంకటేశ్వరు నామమొకటే’ అని ఉంది. పుణ్యుల్నీ పాపుల్నీ సమానంగా కాచే నామం. జడియు అంటే మనకు తెలిసింది భయపడు. అది ఇక్కడ పొసగదు. తాళ్లపాక వారి పాటల్లో వేరే అర్థంలో ఇంకెక్కడైనా పడిందా? రాగిరేకుల (ఆ పాటలు చెక్కించిన రాగి పలకల) పాఠం దగ్గరున్నవాళ్లు చూసి చెప్పండి.