మూడోసారి నోటీసు అందుకున్న గనికి తాళం వెయ్యాలా, వద్దా?

అద్దంకి అబ్బాయి
2025 ఆగస్టు 3, ఆదివారం. బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు కూలీలు పోయారు. ఒడిశా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. సరిగ్గా ఏడేళ్ల ముందు, అదే ఆగస్టు 3 రాత్రి, కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు. అక్కడ పదిమందికి పైగా. మధ్యలో 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో పేలుడు పదార్థాలు దించుతుండగా పదిమంది. ప్రతిసారీ అదే వరస: ఎక్స్‌గ్రేషియా, విచారణ, మర్చిపోవడం.

లీజు ఇచ్చేది రాష్ట్ర గనుల శాఖ. భద్రత చూసేది కేంద్ర కార్మిక శాఖ కింద ఉండే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్), దాని హెడ్డాఫీసు ఎక్కడో ధన్‌బాద్‌లో. నా ప్రశ్న ఒకటే. ఒక గనికి ఒకే తప్పు మీద మూడోసారి నోటీసు వచ్చిందంటే నాలుగోది ఎందుకు? తాళం వెయ్యొచ్చుగా? మనిషి చచ్చినా 5000 జరిమానాతో తేలిపోతుంటే ఎవడికి భయం?

లెక్కల మాస్టారు
5000 జరిమానా ఒక్కటే అన్నట్టు రాయడం తప్పు. 1952 గనుల చట్టం 72సి సెక్షన్‌లో ఉన్నది రెండేళ్ల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం ఇప్పుడు లేదు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్ అమల్లో ఉంది. తప్పు వల్ల ప్రాణం పోతే జరిమానా 5 లక్షలకు తగ్గదు. పోస్టు పెట్టే ముందు చూసుకుంటే బాగుండేది.

అద్దంకి అబ్బాయి
మాస్టారూ, బల్లికురవ జరిగింది ఆగస్టులో. మీ కోడ్ వచ్చింది నవంబర్లో. ఆ ఆరుగురికి పాత రేటే.

లెక్కల మాస్టారు
"రేటు" అనకండి. చట్టానికి దాని భాష ఉంటుంది. ఇంకోటి, పదే పదే తప్పు చేసేవాళ్ల గురించి ఏమీ లేదన్నట్టు రాశారు. పాత చట్టంలోనే 74వ సెక్షన్ ఉంది. ఒకసారి శిక్ష పడినవాడు రెండేళ్లలోపు అదే తప్పు మళ్లీ చేస్తే శిక్ష రెట్టింపు.

రాత్రి షిఫ్ట్
ముందు మొదటి శిక్ష పడాలి కదా మాస్టారూ, రెండోది రెట్టింపు కావడానికి! ధన్‌బాద్ దగ్గరి చస్నాలా బొగ్గు గని గుర్తుందా? 1975 డిసెంబర్ 27, బావిలోకి నీళ్లొచ్చి 370 మందికి పైగా పోయారు. కింది కోర్టు తీర్పు వచ్చింది 2012లో. అప్పటికి బతికున్న ఇద్దరు అధికారులకు ఏడాది జైలు.

ఖని పిల్ల
2003లో గోదావరిఖనిలో జూన్ 16న 7 ఎల్ఈపీ అనే బొగ్గు గనిలో నీళ్లొచ్చి 17 మంది, అక్టోబర్ 16న 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది. నేనప్పుడు ఆరో తరగతి. సైరన్ మోగితే ఇప్పటికీ లేచి కూర్చుంటాను. అంతే, చెప్పాలనిపించింది.

సెకండ్ క్లాస్ మేనేజర్
క్వారీ మొహం చూడనివాళ్లు తాళం గురించి మాట్లాడుతున్నారు. నేను పదహారేళ్లుగా ఇందులోనే ఉన్నాను. హెల్మెట్ ఇస్తే దాంట్లో నీళ్లు తాగుతారు. బెల్టు కట్టుకోమంటే "చెయ్యి ఆడదు సార్" అంటారు. అంచు మీద కూర్చుని అన్నం తింటారు. తాళం వేస్తే ఓనర్‌కి ఏమవుతుంది? ఇంకో లీజు ఉంటుంది. రెండొందల మంది కూలీలు మర్నాడు రైలెక్కుతారు. వాళ్ల కడుపుకి మీరు పెడతారా?

రాత్రి షిఫ్ట్
పెట్టాల్సింది ఓనరే. పాత చట్టం 22వ సెక్షన్ చదవండి మేనేజర్ గారూ. ఇన్‌స్పెక్టర్ ప్రమాదం ఉందని పని ఆపిస్తే, ఆపినన్ని రోజులూ పూర్తి జీతం ఇవ్వాలి, లేదా అదే జీతానికి ఇంకో పని చూపించాలి. తాళం వేస్తే కూలీకి నష్టం అనే మాట ఓనర్లు మొదలుపెట్టింది, మేనేజర్లు మోస్తున్నది.

సెకండ్ క్లాస్ మేనేజర్
కాగితం మీద. మేస్త్రీ తెచ్చిన కూలీకి మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరే ఉండదు. పేరు లేనివాడికి పూర్తి జీతం ఎవరిస్తారండీ?

లెక్కల మాస్టారు
22వ సెక్షన్ అంటున్నారు. ఆ చట్టం రద్దయిందని పైనే చెప్పాను.

చార్లెస్టన్ తెలుగోడు
వెస్ట్ వర్జీనియాలో ఉంటాను. అద్దంకి అబ్బాయి గారు అడిగే చట్టం ఇక్కడ 1977 నుంచే ఉంది. ప్రమాదకరమైన తప్పులు పదే పదే చేసే గనిని "ప్యాటర్న్ ఆఫ్ వయొలేషన్స్" కింద పెడతారు. అందులో పడ్డాక పెద్ద తప్పు కనబడిన ప్రతిసారీ ఆ చోటు నుంచి మనుషుల్ని బయటికి పంపాల్సిందే. వినడానికి బాగుందా? 2011 దాకా ఒక్క గనిని కూడా అందులో నిలబెట్టలేదు.

2010 ఏప్రిల్ 5న అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో బొగ్గు ధూళి అంటుకుని 29 మంది చనిపోయారు. అంతకు ముందు ఒక్క ఏడాదిలో ఆ గనికి 515 నోటీసులూ ఉత్తర్వులూ. మనుషుల్ని బయటికి పంపించిన ఉత్తర్వులే 48. అయినా ఆ జాబితాలో లేదు. కంపెనీ చాలా నోటీసుల మీద అప్పీలుకు పోయేది, అప్పీలు తేలని తప్పు లెక్కలోకి వచ్చేది కాదు. రెండో కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. హెచ్చరిక పంపాల్సిన గనుల్ని ఏరే కంప్యూటర్ ప్రోగ్రాంలో తప్పు ఉండి దీని పేరు జారిపోయింది.

తర్వాత బయటపడ్డవి ఇంకా ఘోరం. ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గరికి రాగానే లోపలికి కబురు వెళ్లిపోయేది. ప్రమాదకర పరిస్థితులు రాసే పుస్తకాలు రెండు సెట్లు: సర్కారుకి ఒకటి, కంపెనీకి ఒకటి. చివరికి సీఈఓకి ఏడాది జైలు పడింది, 2016లో. కాబట్టి చట్టం రాసినంత మాత్రాన ఏదో అయిపోతుందనుకోకండి.

బండమీద బతుకు
రెండు పుస్తకాలా? మా దగ్గర ఒకటే, అది కూడా ఇన్‌స్పెక్షన్ ముందు రోజు రాస్తారు 😀

రాత్రి షిఫ్ట్
నవ్వొద్దు తమ్ముడూ. ఆ పుస్తకం గురించి నేను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. కంపెనీ, బాయి పేరు అడగొద్దు.

నేను ఓవర్‌మ్యాన్, అంటే షిఫ్ట్‌లో పనినీ భద్రతనీ చూసుకునేవాణ్ని. నైట్ షిఫ్ట్‌లో ఒక జంక్షన్ దగ్గర కప్పు తట్టి చూస్తే డొల్లగా మోగింది. మూడు రోజులు వరసగా రిపోర్ట్ బుక్‌లో రాశాను, కప్పు బాగాలేదు, సపోర్ట్ పెట్టేదాకా మనుషుల్ని పంపొద్దు అని. నాలుగో రోజు అండర్ మేనేజర్ పిలిచి, "నీ రాతకి ప్రొడక్షన్ ఆగింది, పేజీ తిరగరాయి" అన్నాడు. రాయలేదని చెప్పుకోవాలని ఉంది. రాశాను. ఇద్దరు ఆడపిల్లలు నాకు. పదకొండో రోజు కప్పు పడింది. కప్పుకి దుంగలు పెట్టే టింబర్‌మ్యాన్ పోయాడు. మా ఊరివాడే. విచారణలో బుక్ తీస్తే నా చేతిరాతతో "అంతా క్షేమం" అని ఉంది. సస్పెండైంది నేను. చెప్పినవాడు ప్రమోషన్ మీద వేరే ఏరియాకి పోయాడు.

అందుకే తాళం అంటున్నాను. పేజీ తిరగరాయించొచ్చు. గేటుకి వేసిన సీలు తిరగరాయించలేరు.

సెకండ్ క్లాస్ మేనేజర్
బాధపడకండి గానీ, రాసింది మీరేగా? ఓవర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇచ్చింది అలాంటప్పుడు కాదనడానికే కదా.

ఖని పిల్ల
ఇదేం మాటండీ? సిగ్గుండాలి.

రాత్రి షిఫ్ట్
ఆయన అన్నది నిజమే అమ్మా. ఇరవై రెండేళ్లుగా నాకు నేను అనుకుంటున్నదే. కానీ మేనేజర్ గారూ, ఆ మాట అనే అర్హత ఎప్పుడూ ఏ కాగితం మీదా అబద్ధం సంతకం పెట్టనివాడికే ఉంటుంది. మీరు పెట్టలేదా?

అద్దంకి అబ్బాయి
నేనూ అదే అడగాలనుకుంటున్నాను. మా బాబాయి క్వారీలో పోయినప్పుడు రికార్డులో ఉన్న మేనేజర్‌ని మేం ఎవరమూ చూడలేదు. సర్టిఫికెట్ ఆయనది, నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి కవరు తీసుకుపోయేవాడట. పంచాయితీలో ఓనర్ తరఫువాళ్లు ఎనిమిది లక్షలు ఇచ్చి, "కాలుజారి పడ్డాడు" అని పిన్ని చేత వేలిముద్ర వేయించారు. బండ పడి పోయిన మనిషి కాలు ఎట్లా జారుతుంది? హెల్మెట్‌లో నీళ్లు తాగుతారు అని రాశారే, ఆ రోజు మా బాబాయికి హెల్మెట్టే లేదు.

సెకండ్ క్లాస్ మేనేజర్
సరే, రాస్తాను. పెట్టాను. ఒకప్పుడు నాలుగు క్వారీలకి పెట్టాను. ఒక మేనేజర్ అనుమతి లేకుండా రెండు గనులు చూడకూడదని నాకు తెలుసు. నేను కాదంటే రెండు వేలు తక్కువకి ఇంకొకడు పెడతాడు, అదీ తెలుసు. ప్రమాదం జరిగితే డీజీఎంఎస్ నా సర్టిఫికెట్ సస్పెండ్ చేస్తుంది. ఓనర్ సాయంత్రానికి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. చట్టంలో ఓనర్, ఓనర్ తరఫున గని చూసే ఏజెంట్, మేనేజర్ ముగ్గురి పేర్లూ ఉంటాయి. జనానికి దొరికేది ఎవరు?

మీరు తాళం అంటుంటే నాకు కోపం ఎందుకొస్తుందంటే, ఆ తాళం ఎవరి మెడకి వేస్తారో నాకు తెలుసు కాబట్టి. లీజు రద్దు చెయ్యమనండి, ఆ ఇంటిపేరు మీద ఇంకో గుంట తవ్వనివ్వొద్దనండి, నేను మీతో కలిసి ధర్నాలో కూర్చుంటాను. అది మాత్రం ఎవరూ అనరు.

రాత్రి షిఫ్ట్
ఇప్పటిదాకా ఈ ముక్క దాచి హెల్మెట్ల గురించి రాశారు. ఓనర్ మీద మీతో నాకు తగాదా లేదు. కానీ మీరు ఓనర్‌ని పట్టేదాకా ఆగమంటున్నారు. కప్పు ఆగదు.

బండమీద బతుకు
అన్నా, ఆ నాలుగు క్వారీలకి ఎంతిచ్చేవాళ్లు?

అద్దంకి అబ్బాయి
మేనేజర్ గారూ, మీరు సంతకం పెట్టిన ఆ నాలుగింట్లో మా అద్దంకి వైపుది ఏదైనా ఉందా?

చార్లెస్టన్ తెలుగోడు
దయచేసి వ్యక్తిగతంగా వెళ్లొద్దు.

అద్దంకి అబ్బాయి
మీరు ఉండండి అన్నా. 2019లో, వేసవిలో. ఉందా, లేదా?

లెక్కల మాస్టారు
ఒక సవరణ. కొత్త కోడ్‌లో 5 లక్షల జరిమానాతో పాటు, అందులో సగానికి తగ్గకుండా చనిపోయినవారి వారసులకు కోర్టు "ఇప్పించవచ్చు" అని ఉంది. "ఇప్పించాలి" అని లేదు. తేడా గమనించగలరు.