ఆన్ చేయగానే ఆగిపోయే డెస్క్‌టాప్: ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చాలా, వద్దా?

రాత్రిపక్షి: ఆరేళ్ల డెస్క్‌టాప్. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద లోగో వచ్చేలోపే టక్కున ఆగిపోతుంది. నిన్నటి నుంచి ఇదే వరస. రిపేర్ చేసే అతను మూత కూడా తీయకుండా "ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) పోయింది, మార్చేయండి" అన్నాడు. స్నేహితుడేమో థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న కూలర్‌కి చేరవేసే పూత) ఎండిపోయిందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాతకాపు: ఎస్‌ఎంపీఎస్సే. ఆరేళ్లంటే లోపలి కెపాసిటర్లు బలహీనపడే వయసు. ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు బాగానే ఇస్తుంది, ప్రాసెసర్ లోడు పడగానే చతికిలబడుతుంది. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అడిగి తెచ్చి తగిలించి చూడండి.

నట్టుబోల్టు: పాతకాపు గారూ, అలా జరగదని కాదు గానీ ఇది రోగిని చూడకుండా మందు రాసినట్టుంది. రాత్రిపక్షి గారూ, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నొక్కినప్పటి నుంచి ఆగే వరకు ఎన్ని సెకన్లో ఐదారుసార్లు కొలవండి. సెకనులోపే ఆగితే ఎక్కడో షార్ట్ ఉండొచ్చు. చల్లారాక ఎక్కువసేపు నిలిచి, వెంటనే మళ్లీ పెడితే తొందరగా ఆగితే వేడి. కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనుకోవడం లేదన్నమాట. పేస్ట్ ఎండితే మాత్రం ముందు మెషిన్ నెమ్మదిస్తుంది, లోగో రాకముందే ఆగిపోవడం అరుదు.

పాతకాపు: స్టాప్‌వాచ్‌తో వోల్టేజీ తెలుస్తుందా? మల్టీమీటర్ పట్టండి. పసుపు తీగకీ నల్ల తీగకీ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు ఉండాలి. అంతకు తగ్గితే వాదనే అక్కర్లేదు.

నట్టుబోల్టు: క్షణంలో పడిపోయే వోల్టేజీని మామూలు మీటరు పట్టుకోలేదండీ. లోడు పడినప్పుడే పడిపోతుందని మీరే అన్నారు.

రాత్రిపక్షి: కొలిచాను. 4, 4, 5, 4, 4, 4. రాత్రంతా వదిలేసి పొద్దున పెట్టినా 4 సెకన్లే.

నట్టుబోల్టు: అయితే ఇప్పుడే ఏదీ కొనకండి. పవర్ బటన్ 4 సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ బలవంతంగా ఆగిపోతుంది కదా. మీ బటన్ లోపల ఇరుక్కుంటే, మదర్‌బోర్డు లెక్కలో మీరింకా వేలు తీయనట్టే. ప్లగ్ పీకి, కేబినెట్ తెరిచి, ముందు ప్యానెల్ నుంచి వచ్చే పవర్ స్విచ్ తీగ బోర్డు నుంచి లాగేయండి. మళ్లీ ప్లగ్ పెట్టి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదిలేయండి.

పాతకాపు: కొత్తవాళ్లతో కరెంటున్న బోర్డు మీద స్క్రూడ్రైవర్ పెట్టించడం నాకు నచ్చదు. పక్కపిన్ను తగిలితే? ప్లగ్ తీసి ఉన్నప్పుడే రీసెట్ స్విచ్ తీగను ఆ రెండు పిన్నులకు గుచ్చమనండి. తర్వాత రీసెట్ బటనే పవర్ బటన్‌గా పనిచేస్తుంది.

నట్టుబోల్టు: ఒప్పుకున్నాను. నాదానికంటే ఇదే నయం.

రాత్రిపక్షి: రీసెట్ బటన్‌తో ఆన్ చేశాను. విండోస్ వచ్చింది, గంటన్నరగా నడుస్తోంది, ఈ పోస్టు దాన్నుంచే. పాత బటన్ నొక్కితే లోపలికి పోయి తీరిగ్గా బయటికొస్తోంది. అంచున జిగటగా ఏదో ఉంది. కూల్‌డ్రింక్ అనుకుంటా. ఎవరు ఒలికించారో ఇంట్లో విచారణ జరుగుతోంది, ఇంతవరకు ఎవరూ నోరు విప్పలేదు.

పాతకాపు: సరే, ఈసారికి ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి. ఆరేళ్లదన్న సంగతి మాత్రం నేను వెనక్కి తీసుకోను.