పీహెచ్‌డీ చేస్తూనే టెలోమరేజ్ కనిపెట్టిన కారల్ గ్రైడర్: అదృష్టమా, పనితనమా?

ప్రశ్న:
మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. క్రోమోజోమ్ కొసల్ని పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్‌ని కనిపెట్టిన గ్రైడర్ గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ: 1984 క్రిస్మస్ రోజున, 23 ఏళ్ల వయసులో ల్యాబ్‌కి వెళ్లి తన ప్రయోగం ఫలితం పడ్డ ఎక్స్‌రే ఫిల్మ్ చూశారు, 2009లో నోబెల్ వచ్చింది. ల్యాబ్‌లో చేరిన కొన్ని నెలలకే అంత పెద్ద ఫలితమా? మా బోటి వాళ్లం ఆవిడ పని నుంచి నేర్చుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు 1:
అదృష్టం అనకండి. డీఎన్ఏని కాపీ చేసే మామూలు ఎంజైమ్ పాలిమరేజ్ క్రోమోజోమ్ కొసదాకా కాపీ చెయ్యలేకపోతుంది కాబట్టి విభజన జరిగిన ప్రతిసారీ కొస కాస్త తరిగిపోవాలి, మరి ఏకకణ జీవులు ఇన్ని తరాలుగా ఎలా బతుకుతున్నాయి? కొసల్ని పొడిగించే ఎంజైమ్ ఏదో ఉండాలని బర్క్‌లీలో ఆవిడ గైడ్ ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ఆలోచన. వెతకడానికి టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిని తీసుకున్నారు. ఒక్క కణంలోనే వేలకొద్దీ చిట్టి క్రోమోజోములు, అంటే బోలెడన్ని కొసలు. ఆ ఎంజైమ్ దొరికితే ఇందులోనే దొరకాలి. సగం విజయం ఆ ఎంపికదే అని నా నమ్మకం.

జవాబు 2:
నాకైతే క్రిస్మస్ తర్వాతి నెలలే ముఖ్యం. జెల్‌లో పొడవును బట్టి విడదీసిన డీఎన్ఏ ముక్కలు ఫిల్మ్ మీద ఆరేసి బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) తేడాతో నిచ్చెన మెట్లలా బ్యాండ్లుగా (గీతలుగా) వచ్చాయి, టీటీజీజీజీజీ వరస మళ్లీ మళ్లీ చేరుతోందన్నమాట. మామూలు పాలిమరేజే ఏదో డీఎన్ఏని చూసి కాపీ కొడుతోందేమోనన్న అనుమానాన్ని ఒక్కో కంట్రోల్‌తో (పోల్చి చూసే ప్రయోగంతో) తీసేస్తూ వచ్చారు. ఈస్ట్ టెలోమియర్ (క్రోమోజోమ్ కొస) వరస ఉన్న ప్రైమర్, అంటే పొడిగించడానికి ఇచ్చే చిన్న డీఎన్ఏ ముక్క, ఇచ్చినా ఎంజైమ్ టెట్రాహైమెనా వరసనే దానికి చేర్చింది, నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే. పేపర్ 1985 డిసెంబర్‌లో ‘సెల్’ పత్రికలో వచ్చింది. ఎంజైమ్ లోపల ఆర్‌ఎన్‌ఏ ఉందని, అది లేకపోతే పని జరగదని 1987లో చూపించారు.

జవాబు 3:
ఇంకో మాట. ఆవిడకి డిస్‌లెక్సియా, ప్రవేశ పరీక్షలో మార్కులు తక్కువ, దరఖాస్తు పెట్టిన చాలా యూనివర్సిటీలు తీసుకోలేదు. ఎంపిక కమిటీల్లో కూర్చునేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. నా జెల్‌లో కూడా ఎక్కడా లెక్కకు రాని బ్యాండ్ ఒకటి పదే పదే వస్తోంది, గైడ్‌కి ఇప్పుడే చూపించాలా?

జవాబు 2:
వెంటనే చూపించండి, దాచుకోకండి. ఈలోగా ఎక్స్‌ట్రాక్ట్‌ని వేడి చేసి ఒకటి, ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) వేసి ఒకటి, అసలు ప్రైమరే లేకుండా ఒకటి, మూడూ ఒకే జెల్‌లో పక్కపక్కన నడపండి.