అమ్రాబాద్ కోర్‌లోంచి చెంచు పెంటలను తరలించాలా?

అడవిబాట: నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్‌లో, అంటే పులుల కోసం కేటాయించిన నడిమి అడవిలో, ఉన్న పెంటలు (చెంచుల చిన్న ఊళ్లు) ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షలు ఇస్తారు. 2021 దాకా అది 10 లక్షలే. నన్నడిగితే వెళ్లడమే మంచిది. పులికి మనిషి అలికిడి లేని చోటు కావాలి. ఎండాకాలం తేనెకు, ఇప్పపువ్వుకు వెళ్లేవాళ్లు పెట్టే నిప్పుతోనే అడవి తగలబడుతోంది.

కొండతేనె: మా అమ్మ పుట్టింది పెంటలోనే అన్నా. తేనెకు వెళ్లినప్పుడు పచ్చి ఆకు కలిపి కాగడా కడతారు, కావాల్సింది పొగ. కొండ అంచున తాడు పట్టుకునేది బావమరిది. అక్క పసుపుకుంకుమలు అతని చేతిలో ఉంటాయి కాబట్టి తాడు వదలడు. దిగినవాడు కాగడా ఆర్పి, మట్టి కప్పాకే కదులుతాడు. వేసవికి ముందు ఫైర్ లైన్లు (మంట పాకకుండా ఎండుగడ్డి, ఆకు తీసేసిన బాటలు) గీసేదీ, అటవీశాఖ బేస్ క్యాంపుల్లో ఉండి పులి అడుగులు చూసేదీ చెంచులే.

అడవిబాట: ఫైర్ లైన్లకు కూలి ఇస్తున్నారు కదా. నిప్పు ఎవరు పెడుతున్నారన్నదే నా ప్రశ్న.

దిండివాగు: శ్రీశైలం రోడ్డు మీద కార్లలోంచి విసిరే సిగరెట్ పీకల సంగతి కూడా మాట్లాడండి.

అడవిబాట: రోడ్డు సంగతి వేరే చర్చ పెట్టుకుందాం. ఇక్కడ నిప్పు గురించే చెప్పండి.

మన్ననూరు_పిల్ల: నిప్పు సరే. పురిటి నొప్పులొస్తే మంచం మీద మోసుకెళ్లాల్సిన చోట ఉండమనడం న్యాయమా?

కొండతేనె: కోర్ అని రోడ్డు వేయనివ్వరు. రోడ్డు లేదు కాబట్టి వెళ్లిపొమ్మంటారు. మా పిన్ని ఇలాగే దారిలో బిడ్డను పోగొట్టుకుంది. చట్టం ఏమంటుందో చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, కలిసి బతికే దారి లేదని తేలాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తరలింపు. కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట టైగర్ రిజర్వ్‌లో సోలిగ ఆదివాసులకు 2011లో అడవి మీద సామూహిక హక్కులు ఇచ్చారు. 2014 లెక్కల్లో అక్కడ పులులు పెరిగాయి.

అడవిబాట: బెట్టను నల్లమలతో పోల్చకండి. మా తాతల ఊరు ఒక డ్యామ్ కింద మునిగింది. ఇచ్చిన డబ్బు బోరు వేయడానికి కూడా చాలలేదు. మా నాన్న హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసి మమ్మల్ని చదివించాడు. దేశం కోసం మేం వదిలాం, మీరెందుకు వదలరు?

కొండతేనె: ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. మీ తాతను ఎవరూ అడగలేదు కాబట్టి మమ్మల్నీ అడగొద్దా?

అడవిబాట: మా తాత జోలికి రావద్దు.

కొండతేనె: ఊరు సంగతి తెచ్చింది నువ్వే! 2019లో యురేనియం కోసం అమ్రాబాద్‌లో బోర్లు వేస్తామన్నప్పుడు పెంటలవాళ్లు అడ్డం తిరిగారు. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆ రోజు పెంటలు ఖాళీగా ఉంటే లోపలి నుంచి వద్దనేవాడే ఉండేవాడు కాదు. నిప్పు, రోడ్డు, 15 లక్షలు అన్నీ పక్కన పెట్టు. గ్రామసభ వద్దంటే ఆగుతావా లేదా?

అడవిబాట: ఆగకూడదనే అంటాను. ఓటు లేనిది పులికే.

మన్ననూరు_పిల్ల: వెళ్తామనే కుర్రాళ్లు మా పెంటలో ఉన్నారు, వెళ్లేది లేదనే పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లంతా ఒకచోట కూర్చుని తేల్చుకోకముందే మీరిద్దరూ తేల్చేస్తున్నారు.