కోనసీమ క్రాప్ హాలిడే మీద డిసర్టేషన్: ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న (అమలాపురం):
నమస్కారమండి. ఎం.ఏ. ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టర్. 2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు ప్రకటించిన క్రాప్ హాలిడే (ఆ సీజన్‌కి సాగు మానేయడం) మీద తెలుగులో రాద్దామని. అధ్యాయాలు ఎలా పెట్టుకోవాలి? ముందు ఏది రాయాలి? లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? గడువు నాలుగు నెలలే.

జవాబు 1:
క్రాప్ హాలిడే అంశమే గానీ ప్రశ్న కాదండి. "ఈ రెండు ఊళ్లలో అప్పుడు సాగు మానేసిన కౌలు రైతులు ఇప్పుడేం పండిస్తున్నారు, ఎందుకు?" అన్నంత చిన్నదిగా ఒక్క వాక్యం రాసుకుని గైడుగారికి చూపించండి. ఆయన సరేనన్నాకే అధ్యాయాల మాట.

తర్వాత పరిశోధన గ్రంథాలు దాచే శోధగంగ వెబ్‌సైటు తెరవండి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అధ్యాయాలవారీ పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. వ్యవసాయ అర్థశాస్త్రానివి ఓ ఐదు తీసి, విషయసూచికలు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. ఆ సైజు మీకు వద్దు. పరిచయం, పూర్వ పరిశోధనలు, పద్ధతి, ఫలితాలు, ముగింపు చాలు. రాయడం మాత్రం పద్ధతితో మొదలెట్టండి: ఏ ఊరు, ఎంతమంది, ఎలా ఎంచారు. పరిచయంతో కూర్చుంటే కాటన్ ఆనకట్ట, 1852 దగ్గరే ఇరవై పేజీలైపోయి అసలు సంగతికి చోటుండదు.

జవాబు 2:
లెక్కల దగ్గర జాగ్రత్తండి. 2011 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లో కోనసీమ మండలాలు తూర్పు గోదావరి కిందే ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తూర్పు గోదావరిలోకి పశ్చిమ నుంచి కొవ్వూరు, నిడదవోలు వచ్చాయి. జిల్లా పేరు చూసి పాత అంకె, కొత్త అంకె పక్కన పెడితే ఆ పోలికే తప్పు. మండలాలవారీగా తీసి మీరే కూడుకోండి. క్రాప్ హాలిడే మీద అప్పట్లో ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ నివేదిక తప్పక చదవండి.

శాంపిల్ పట్టాదారుల జాబితా నుంచి తీయకండి. కౌలు చాలావరకు నోటిమాటే, చేసేవాడి పేరు అందులో ఉండదు. కాలవ గట్టున నడుస్తూ "ఈ చేను ఎవరు చేస్తున్నారు?" అని అడిగి జాబితా కట్టుకోండి. ప్రశ్నావళి ముందు పదిమంది దగ్గర పరీక్షించండి. "ఎకరాకి పెట్టుబడెంత?" అంటే ఉజ్జాయింపు చెప్తారు. దమ్ము, నారు, ఊడ్పు, ఎరువు, కోత, మక్తా (కౌలుకిచ్చే) బస్తాలు విడివిడిగా అడిగితేనే లెక్క తేలుతుంది. కోతలప్పుడు మాత్రం వెళ్లకండి, ఎవరికీ తీరికుండదు.

జవాబు 3:
తెలుగులో అన్నారు కాబట్టి ఒక మాట. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించకండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలే. మాట వెతకలేరు, పోలిక పరీక్షా (కాపీ ఉందేమో సాఫ్ట్‌వేర్‌తో చూడటం) సరిగ్గా జరగదు. యూనికోడ్‌లోనే కొట్టండి. వర్డ్‌లో శీర్షికలకి హెడ్డింగ్ స్టైల్ ఇస్తే విషయసూచిక దానంతటదే వస్తుంది. చేత్తో కట్టిన సూచికలో ఒక్క పేరా పెరిగినా పేజీ నంబర్లన్నీ తప్పుతాయి.

చదివిన ప్రతిదాన్నీ చదివిన రోజే జొటేరోలో (ఆధారాల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టండి, ఉచితమే. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం దాకా అయితే చర్య ఉండదు. మీ విభాగం ఇంకా తక్కువ అడుగుతుందేమో ఇప్పుడే కనుక్కోండి.

ప్రశ్నావళి తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూస్తాం.