ఉగాది వేదికకు సొంత టైమరు: ఎవరేం చూసుకుంటారు?

వేదిక నిర్వహణ బాధ్యుడు:

అందరికీ నమస్కారం. పిల్లల పద్యపఠనానికి 3 నిమిషాలు, పెద్దల ప్రసంగాలకు 5 నిమిషాలు అని నిరుడు కరపత్రంలో అచ్చు వేయించినా, గడియారం పట్టుకుని కూర్చున్న నేనే పద్యాల్లో పడి సమయం మరిచిపోయాను. ఒంటిగంటకు వడ్డించవలసిన పులిహోర రెండున్నరకు గాని విస్తళ్లలోకి రాలేదు. ఈసారి ఆ పనిని ఆర్డుయినో యునో అనే, మనం రాసిన ప్రోగ్రాము ప్రకారం దీపాలను వెలిగించి ఆర్పే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు అప్పగిద్దామని నా ప్రతిపాదన.

మా అబ్బాయి ప్రాజెక్టు కోసం కొన్న బోర్డు ఇంట్లో ఖాళీగా ఉంది. పండుగ కాగానే వాడికి తిరిగి ఇచ్చేయాలి కాబట్టి, దానికి ఎక్కడా టంకం పెట్టకుండా తీగలన్నీ బ్రెడ్‌బోర్డు అనే రంధ్రాల పలక మీదే గుచ్చుదాం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎల్‌ఈడీలు, కరెంటును అదుపులో ఉంచే మూడు 220 ఓమ్‌ల రెసిస్టర్లు, రెండు మీటలు, కూత పెట్టే ఒక బజరు కావాలి. వీటి కోసం శనివారం ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డుకు నేనే వెళ్తాను. రెసిస్టర్లను మాత్రం మానడానికి వీల్లేదు. దీపాన్ని కలిపే బోర్డు పిన్ను ఇచ్చే 5 వోల్టుల్లో ఎర్ర దీపం సుమారు 2 వోల్టులు తీసుకోగా, మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, పిన్ను మీద 20 దాటకుండా చూసుకోవాలన్న నియమానికి అది లోబడే ఉంటుంది.

నమోదు బల్ల చూసుకునే సభ్యురాలు:

అన్నయ్యగారూ, చేతిలో ఫోను ఉండగా ఇంత శ్రమ అవసరమా?

వేదిక నిర్వహణ బాధ్యుడు:

అవసరమేనమ్మా. వంటవారి నుంచీ మైకువారి నుంచీ ఆ రోజు నా ఫోనుకు కాల్స్ వస్తూనే ఉంటాయి. పైగా వేదిక మీద ఉన్నవారికి ఫోనులోని అంకెలు కనబడవు, దీపం రంగు కనబడుతుంది.

ప్రోగ్రాము రాయడానికి ముందుకొచ్చిన సభ్యుడు:

ప్రోగ్రాము నేను రాస్తాను. మొదటిసారి ఇలాంటిది చేసినప్పుడు సమయం లెక్కించడానికి, చెప్పినంతసేపు బోర్డును ఆపి ఉంచే ‘డిలే’ అన్న ఆదేశం వాడి దెబ్బతిన్నాను. అది నడుస్తున్నంతసేపూ బోర్డు మీట నొక్కినా పట్టించుకోదు కనుక, మధ్యలో ఆపడం కుదరలేదు. ఈసారి బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను చెప్పే ‘మిల్లిస్’ లెక్కతో ఎంత సమయం గడిచిందో చూసుకుంటూ, ఆ సందులోనే మీటలనూ గమనిస్తుండేలా రాస్తాను. మీటతో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒక్కసారి నొక్కినా లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు అదిరి, నాలుగైదు సార్లు నొక్కినట్టు బోర్డుకు తోస్తుంది; అందువల్ల మొదలైన లెక్క వెంటనే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక నొక్కు తరువాత 50 మిల్లీసెకన్ల వరకు వచ్చే సంకేతాలను వదిలేస్తే సరిపోతుంది. యునో గడియారపు తేడా అర శాతం దాకా ఉండవచ్చు, అంటే 5 నిమిషాలకు ఒకటిన్నర సెకను. మన ప్రసంగాలకు అది లెక్కలోకి రాదు.

అవధాన కార్యక్రమ బాధ్యురాలు:

బజరు విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. సాయంత్రం అవధానంలో ఘంటాగణనం ఉంది. పృచ్ఛకులు నడుమ నడుమ మోగించే గంటలను లెక్కపెట్టుకునే అవధానిగారికి, మీ పెట్టె కూత కూడా కలిస్తే ఎన్ని గంటలని చెప్పాలి? అప్రస్తుతప్రసంగం చేసేవారికి మాత్రం ఎర్ర దీపం తప్పక చూపించండి.

వేదిక నిర్వహణ బాధ్యుడు:

మీరన్నది నిజం, నాకు తట్టలేదు. బజరును జాబితాలోంచి తీసేశాను. గడువు దాటాక ఎర్ర దీపమే మిణుకుమిణుకుమంటుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగే బోర్డును గుర్తించక కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి, ఎవరైనా ఒక ఫోను ఛార్జరు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకురావలెనని మనవి. ఆదివారం ఉదయం 10 గంటలకు మా ఇంట్లో అమర్చి, మా అబ్బాయి చేత మూడు పద్యాలు చదివించి పరీక్షిద్దాం.