కంప్రెసర్ ట్యాంకు అడుగున చిల్లు: వెల్డింగ్ చేయించాలా, మార్చాలా?

రాత్రిషిఫ్టు

మూడు రోజులుగా మా మెయింటెనెన్స్ గదిలో ఇదే గొడవ. మాది 500 లీటర్ల అడ్డం ట్యాంకు, పైన పిస్టన్ కంప్రెసర్, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 10 కేజీలు. మొన్న రాత్రి మెషిన్లన్నీ ఆగాక ట్యాంకు కింద నుంచి సన్నగా ఈల వినిపించింది. సబ్బు నురగ పూస్తే, అడుగున చేరిన నీళ్లు వదిలే డ్రెయిన్ వాల్వుకి జానెడు దూరంలో బుడగలు లేచాయి. సూది మొనంత చిల్లు. అంతకుముందే ఎవరో దానిమీద ఎపాక్సీ ముద్ద అతికించి పైన పెయింటు కొట్టారు, అది ఊడొచ్చింది.

సూపర్‌వైజర్ గారు చిన్న ప్యాచ్ వేయించి నడిపేద్దాం అంటున్నారు. ఫిట్టరేమో ట్యాంకు పారేయాల్సిందే అంటున్నాడు. ప్రస్తుతానికి మెయిన్ స్విచ్ ఆపి తాళం వేశాను, గాలంతా వదిలేశాను. మీరేమంటారు?

వెల్డర్22

ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని. చిల్లు పడగానే పారేయమనడం నాకు నచ్చదు. పెద్ద ప్లాంట్లలో దీనికి పదింతలు ప్రెషరున్న వెసల్స్‌ని కూడా రిపేరు చేసుకుని వాడుతున్నారు. శుభ్రంగా గ్రైండింగ్ చేసి, ఆరబెట్టిన 7018 వెల్డింగ్ రాడ్డుతో వేసి, నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే హైడ్రో టెస్ట్ చేస్తే చాలు. పైగా సేఫ్టీ వాల్వు ఉండనే ఉంది కదా.

పాతఫిట్టరు

అన్నా, మీ చేతిపనిని నేను తప్పుపట్టను. కానీ సేఫ్టీ వాల్వు మాట మాత్రం ఒప్పుకోను. ప్రెషర్ హద్దు దాటితేనే అది లేస్తుంది. రేకు పలచబడిన ట్యాంకు పగలడానికి హద్దు దాటక్కర్లేదు. రోజూ నడిచే 10 కేజీల దగ్గరే పగులుతుంది. అప్పుడు సేఫ్టీ వాల్వు కదలను కూడా కదలదు.

ఇక చిల్లు. అది ఎక్కడ పడింది? గాలిలోని తేమ నీళ్లుగా దిగి నిలిచే చోట. అక్కడ అన్నిటికన్నా పలచబడిన చుక్క ముందు బయటపడింది, అంతే. దాని చుట్టూ రేకు ఎంత మిగిలిందో బయట నుంచి కనపడదు. నేను పనిచేసిన ఒకచోట ఇలాగే ప్యాచ్ వేసి నడిపారు. రెండు నెలలకే ప్యాచ్ అంచు పక్కన ఇంకో చిల్లు పడింది. అప్పుడు ట్యాంకు తీసేసి కోసి చూశాం. బయట పెయింటు కొత్తదానిలా మెరుస్తోంది. లోపల అడుగున ఈ చివర నుంచి ఆ చివరి దాకా బెత్తెడు వెడల్పున ఎర్రటి బురద. గీకితే పొరలు పొరలుగా తుప్పు లేచింది, దాని కింద అంతా గుంటలు. 6 మిల్లీమీటర్ల రేకు, చిల్లుకి నాలుగు వేళ్ల అవతల 2 దాకా వచ్చేసింది. ఆ రోజు ఆ ముక్క చేతిలో పట్టుకున్నప్పుడు కాళ్లలో వణుకు పుట్టింది. రెండు నెలలు దాని పక్కనే నిలబడి టిఫిన్ డబ్బా విప్పుకున్నాం మేము.

రాత్రిషిఫ్టు తమ్ముడూ, మీ ట్యాంకు అడ్డకొలత 60 సెంటీమీటర్లు అనుకుందాం. 10 కేజీల దగ్గర ట్యాంకు రెండు చివర్లలో ఒక్కో మూత మీద పడే తోపుడు దాదాపు 28 టన్నులు. మీ సూపర్‌వైజర్ గారికి ఈ లెక్క చూపించండి.

వెల్డర్22

సేఫ్టీ వాల్వు విషయంలో మీరన్నది నిజం, నేను తొందరపడ్డాను. కానీ కొలవకుండా మీరైనా పారేయమని ఎలా చెబుతారు? రేకు మందం బయట నుంచే కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టి చూస్తే అరగంటలో తేలిపోతుంది.

పాతఫిట్టరు

కొలవమనే నేనూ అంటాను. కొలవకుండా ప్యాచ్ వేయడమే వద్దంటున్నాను.

వెసల్_తనిఖీ

ఇద్దరికీ ఒక మాట. ప్రెషర్ వెసల్‌కి రిపేరు అంటే చిల్లు మీద మెటల్ పోయడం కాదు. పలచబడిన మేరంతా గట్టి రేకు తగిలేదాకా కోసి తీసేసి, అదే రకం, అదే మందం ముక్కను అంచుకి అంచు కలిపి కూర్చాలి. దానికి రాతపూర్వకమైన వెల్డింగ్ ప్రొసీజర్, పరీక్ష పాసైన వెల్డర్, ఎక్స్‌రే, అధికారం ఉన్న ఇన్‌స్పెక్టర్ సంతకం కావాలి. వెల్డర్22 గారు చెప్పిన పెద్ద ప్లాంట్లలో జరిగేది ఇదే. 500 లీటర్ల ట్యాంకుకి ఇదంతా చేయిస్తే కొత్త ట్యాంకు కన్నా ఎక్కువే అవుతుంది.

పలచటి రేకు మీద ఆర్క్ పెడితే ముందు చిల్లు పెద్దదవుతుంది. పట్టినట్టు కనిపించినా, కంప్రెసర్ లోడ్ అయిన ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ రేకు సాగి ముడుచుకుంటుంది. పగులు మొదలయ్యేది వెల్డింగ్ అంచునే. హైడ్రో టెస్ట్ పాసైతే ఆ రోజుకి నిలబడిందనే అర్థం, తుప్పు మర్నాడూ తింటూనే ఉంటుంది.

హైడ్రో అంటే నీళ్లతోనే. 'నీళ్లెందుకు, గాలితోనే చూసేద్దాం' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నీళ్లు దాదాపు కుదించుకుపోవు కాబట్టి అదే ప్రెషర్‌లో వాటిలో దాగే శక్తి గాలితో పోలిస్తే వేల రెట్లు తక్కువ. పగిలితే చిమ్మి ఆగిపోతుంది. గాలితో పగిలితే ముక్కలు ఎగురుతాయి.

రాత్రిషిఫ్టు

ఈరోజు గేజ్ తెప్పించాం. పైభాగంలో 5.8 మిల్లీమీటర్లు, పక్కల 5.6. అడుగున గీత పొడవునా 3.1, 2.4, 1.9, చిల్లు దగ్గర గేజ్ చదవనే లేదు. సూపర్‌వైజర్ గారు ఆ అంకెలు తానే రాసుకుని, ఇంకేమీ మాట్లాడకుండా కొత్త ట్యాంకుకి ఇండెంట్ పెట్టారు.

ఒకటి అడగాలి. రేకుని ఇంతలా తినేసేన్ని నీళ్లు ట్యాంకులోకి రోజూ నిజంగా వస్తాయా? మా డ్రెయిన్ వాల్వు పిడి బిగుసుకుపోయి నెలకు పైనే అయింది. ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

పాతఫిట్టరు

వస్తాయి. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిని నిమిషానికి ఒక ఘనపు మీటరు చొప్పున 8 గంటలు లాగితే, 10 కేజీలకి కుదించి మళ్లీ 30 డిగ్రీలకి చల్లార్చేసరికి దాదాపు 9 లీటర్ల నీళ్లు దిగుతాయి. కొంత లైన్లోకి పోయినా మిగతాది ట్యాంకు అడుగునే. ఆ నీళ్లు ఒక్క షిఫ్టువే.

కొత్తదానికి డ్రెయిన్ పైపు బయటికి, నిలబడి తిప్పగలిగే ఎత్తుకి తెండి. వంగి ట్యాంకు కిందికి దూరాల్సి వస్తే ఎవరూ తిప్పరు. ఆటో డ్రెయిన్ పెట్టినా వారానికోసారి చేత్తో తెరిచి చూడండి, బురద పట్టి మూసుకుపోతుంది. కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేయండి, నేల ఎగుడుదిగుడుగా ఉంటే సరిచేయకుండా బోల్టులు లాగి బిగించొద్దు. కాళ్ల వెల్డింగ్ దగ్గర చీలిక మొదలయ్యేది దానివల్లే. లైనుకి కలిపేచోట ఫ్లెక్సిబుల్ హోస్ ఉండాలి. ట్యాంకుకీ సేఫ్టీ వాల్వుకీ మధ్య ఎలాంటి వాల్వూ పెట్టనివ్వొద్దు.

వెల్డర్22

1.9 అంటే నేనైనా రాడ్డు పట్టుకోను. పాతదాన్ని స్క్రాప్‌కి అలాగే పంపకండి. ఎవరో కొనుక్కుని, చిల్లు పూడ్చి, రంగేసి మళ్లీ గాలి నింపుతారు. రెండు మూతల్లోనూ చెయ్యి దూరేంత కంత కోయించండి, నేమ్ ప్లేటు పీకేయండి. గోడలకి లోపల ఆయిల్ పట్టి ఉంటుంది, గ్యాస్ కట్టర్ గానీ గ్రైండర్ గానీ పెట్టేముందు కడిగించి, కోసే చోటు దాకా నీళ్లు నింపించండి.